మొదటి కెమెరా కొనాలి, బడ్జెట్ 35 వేలు – బడి పిల్లల ఫొటోల కోసం

కొల్లేటిగట్టు
జులై 6, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. ఇక్కడ ఇదే నా మొదటి పోస్టు. కైకలూరు దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో టీచర్‌ని. ఇప్పటిదాకా ఫోన్‌తో తప్ప ఫొటో తీసి ఎరగను.

ఎందుకు కొనాలనుకుంటున్నానో ముందే చెబుతాను. మా బడిలో 41 మంది పిల్లలు. చేపల చెరువుల మీద కూలికి వెళ్లే ఇళ్లవాళ్లే ఎక్కువ. పోయిన ఏడాది ఐదో తరగతి పిల్లలు వెళ్లిపోతుంటే ఒక్కొక్కరికి ఒక ఫొటో ప్రింటు వేయించి ఇచ్చాను. మర్నాడు ఒకమ్మాయి వాళ్లమ్మ బడికొచ్చి, "ఆధార్ కార్డు మీదది కాకుండా దీనికి ఇదే మొదటి ఫొటో అండీ" అంది. సంతోషంగానే చెప్పింది. కానీ ఆ ఫొటో చూస్తే నాకే బాధేసింది. ముఖం తెల్లగా, నున్నగా, ప్లాస్టిక్ బొమ్మలా ఉంది. ఆ పిల్ల అలా ఉండదు. పైగా తల్లో పెట్టుకున్న కనకాంబరాలు ప్రింటులో సగం తెగిపోయాయి.

ఈసారి సరిగ్గా తీయాలి. 35 వేలు దాచాను, అంతకు మించి లేవు. తరగతి గదిలో, వరండాలో, ఆటల్లో తీస్తాను. చలికాలంలో పిల్లల్ని ఆటపాక పక్షుల కేంద్రానికి తీసుకెళ్తాం, అక్కడ గూడబాతులు (పెలికాన్లు) కూడా తీయాలని ఆశ. ఒక షాపులో జూమ్ ఎంత ఎక్కువుంటే అంత మంచిదన్నారు. ఇంకో షాపులో మెగాపిక్సెల్స్ చూసుకోమన్నారు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

రోజుకో ఫొటో
జులై 6, రాత్రి 10:05

టీచర్ గారూ, నిరుత్సాహపరుస్తున్నానని అనుకోకండి. ఆ డబ్బుతో మంచి కెమెరా ఉన్న ఫోన్ తీసుకోండి. ఫోన్ ఎప్పుడూ చేతిలో ఉంటుంది. కెమెరా అంటే బ్యాగు, లెన్సు, చార్జింగు, కార్డు, అన్నీ చూసుకోవాలి. మా అన్నయ్య కొన్నది రెండేళ్లుగా బీరువాలోనే ఉంది. ముఖం నున్నగా రావడం బ్యూటీ మోడ్ వల్ల. సెట్టింగ్స్‌లో అది ఆపేసి ముందు ఒక వారం తీసి చూడండి.

పసుపుపట్టీ
జులై 6, రాత్రి 10:40

బ్యూటీ మోడ్ సంగతి నిజం, మొదట అది ఆపండి. కానీ ఫోన్ చాలు అన్న మాట ఈ పనికి ఒప్పుకోను. వెలుతురు తక్కువైతే ఇప్పటి ఫోన్లు ఒక్క ఫొటో తీసి ఊరుకోవు. వెంటవెంటనే చాలా తీసి, వాటిని కలిపి ఒకటి చేస్తాయి. గోడో బల్లో అయితే బ్రహ్మాండంగా వస్తుంది. పిల్లలు కదులుతారు కదా, ఆ కలపడంలో జుట్టు, కనురెప్పలు, చేతివేళ్లు అలికినట్టు అయిపోతాయి.

నా సలహా నికాన్ డీ3500, సెకండ్‌హ్యాండ్‌లో. 2018లో వచ్చిన మోడల్, 24 మెగాపిక్సెల్స్. ఒక్క చార్జింగ్‌తో 1,550 ఫొటోలని కంపెనీ లెక్క. కొత్తవి తయారు చేయడం ఆపేశారు కాబట్టి వాడినవే చూసుకోవాలి. చేతిలో తేలిగ్గా ఉంటుంది, మొదటిసారి పట్టుకున్నవాళ్లకు కూడా బెదురు ఉండదు.

ఎర్రచుక్క
జులై 7, ఉదయం 6:50

పిల్లల కోసం అయితే కెనాన్ 200డీ చూడండి. కారణం ఒక్కటే, స్క్రీన్. పక్కకు తెరుచుకుని ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. ఆరేళ్ల పిల్లను నిలబడి పైనుంచి తీస్తే తల పెద్దగా, కాళ్లు పొట్టిగా వస్తాయి. కెమెరా పిల్ల కంటి ఎత్తులో ఉండాలి. ఆ స్క్రీన్ ఉంటే కెమెరాను పొట్ట దగ్గర పట్టుకుని కిందికి చూస్తూ తీయవచ్చు, 41 సార్లు మోకాళ్ల మీద కూర్చోనక్కర్లేదు. డీ3500లో స్క్రీన్ కదలదు. స్క్రీన్ చూస్తూ తీసేటప్పుడు ఫోకస్ కూడా 200డీలో చాలా చురుగ్గా పడుతుంది.

పసుపుపట్టీ
జులై 7, ఉదయం 7:15

స్క్రీన్ కోసం మంచి సెన్సర్ (వెలుతురును ఫొటోగా మార్చే చిప్పు) వదులుకోమంటారా? తక్కువ వెలుతురులో నికాన్ ఫైళ్లు శుభ్రంగా ఉంటాయి. నీడలు పడ్డ చోట్లను తర్వాత కంప్యూటర్లో వెలిగించినా నాయిస్ (చుక్కలు చుక్కలుగా రావడం) అంతగా ఉండదు.

ఎర్రచుక్క
జులై 7, ఉదయం 7:22

టీచర్ గారు 4×6 అంగుళాల ప్రింటు వేయిస్తారండీ, గోడకంతా పోస్టరు కాదు. ఆ తేడా ప్రింటులో ఎవరికీ కనపడదు.

నిర్వాహకులు
జులై 7, ఉదయం 8:00

కంపెనీల వాదన ఇక్కడితో ఆపుదాం. దానికి వేరే చర్చ ఉంది. టీచర్ గారి అవసరం గురించే రాయండి.

ఓరుగల్లు ఫోకస్
జులై 7, మధ్యాహ్నం 1:30

అక్కా, నేను వరంగల్‌లో పెళ్లిళ్లు తీస్తాను, 14 ఏళ్ల నుంచి. కెమెరా పేరు తర్వాత చెప్పుకుందాం. ముందు మీ గదిలో వెలుతురు ఎంతుందో తెలియాలి. దానికి మీటరు కొనక్కర్లేదు, మీ ఫోనే చాలు.

రేపు బడి టైములో రెండు ఫొటోలు తీయండి. ఒకటి గదిలో వెనక గోడ దగ్గర కూర్చున్న పిల్లది. రెండోది కిటికీకి రెండడుగుల దూరంలో నిలబెట్టి. ట్యూబులైట్లు మామూలుగా ఎట్లా ఉంటాయో అట్లనే ఉండనివ్వండి. తర్వాత గ్యాలరీలో ఆ ఫొటోల వివరాలు తెరిస్తే మూడు అంకెలుంటాయి: ఐఎస్ఓ, షట్టర్, ఎఫ్ నంబరు. అవి ఇక్కడ రాయండి. మిగతా లెక్క నేను చెప్తా.

కొల్లేటిగట్టు
జులై 8, సాయంత్రం 5:45

తీశానండీ. బ్యూటీ మోడ్ కూడా ఆపేశాను. ముఖాలు కొంచెం నయం, కానీ వెనక వరుస ఫొటోలో పిల్లాడి చెయ్యి అలికినట్టే ఉంది.

వెనక గోడ దగ్గర: ఐఎస్ఓ 640, షట్టర్ 1/50, ఎఫ్ 1.8.
కిటికీ దగ్గర: ఐఎస్ఓ 100, షట్టర్ 1/100, ఎఫ్ 1.8.

ఈ అంకెల అర్థం నాకు తెలియదు.

ఓరుగల్లు ఫోకస్
జులై 8, రాత్రి 11:10

పెళ్లి ముగించుకుని ఇప్పుడే వచ్చాను. ఈ అంకెల్లోనే మీ కెమెరా ఉంది అక్కా, కొంచెం ఓపికగా చదవండి.

ఎఫ్ నంబరు అంటే లెన్సు కన్ను ఎంత తెరుచుకుంటుందనేది. నంబరు చిన్నదైతే కన్ను పెద్దది. షట్టర్ అంటే ఆ కన్ను ఎంతసేపు తెరిచి ఉంటుందనేది, 1/50 అంటే సెకనులో యాభయ్యో వంతు. ఐఎస్ఓ అంటే లోపలికొచ్చిన వెలుతురును ఎంత పెంచి చూపించాలనేది. అది ఎక్కువయ్యే కొద్దీ ఫొటోలో ఇసుక చల్లినట్టు నాయిస్ వస్తుంది.

మీ వెనక వరుసలో పిల్లాడి చెయ్యి ఎందుకు అలికినట్టు వచ్చింది? 1/50 వాడికి చాల్లేదు. కుదురుగా ఉండని పిల్లలకు 1/200 కావాలి.

ఇప్పుడు కెమెరాతో పాటు డబ్బాలో వచ్చే 18-55 ఎంఎం కిట్ లెన్సు పెట్టారనుకోండి. ఎంఎం అంకె పెరిగే కొద్దీ దూరంలో ఉన్నది దగ్గరగా కనిపిస్తుంది. ముఖం దగ్గరగా తీయడానికి 55కి తిప్పితే దాని కన్ను ఎఫ్ 5.6కి మించి తెరుచుకోదు. ఎఫ్ 1.8తో పోలిస్తే దాదాపు పదో వంతు వెలుతురే లోపలికొస్తుంది. వెనక గోడ దగ్గర 1/200 పెడితే ఐఎస్ఓ 25 వేలకు పోతుంది. నికాన్ కానీ కెనాన్ కానీ, ఈ ధరలో ఆ ఐఎస్ఓకి ముఖం ముఖంలా రాదు. అదే కెమెరాకు ఎఫ్ 1.8 లెన్సు తగిలిస్తే, 1/200కి ఐఎస్ఓ 2,500 దగ్గర సరిపోతుంది. 4×6 ప్రింటుకు అది హాయిగా నడుస్తుంది.

ఇంక కిటికీ దగ్గర అంకెలు చూడండి. వెనక గోడకీ కిటికీకీ మధ్య వెలుతురు దాదాపు 13 రెట్లు తేడా ఉంది. అక్కడ ఎఫ్ 2, 1/200 పెట్టినా ఐఎస్ఓ 250 చాలు. అంటే పిల్లను నాలుగు అడుగులు కిటికీ వైపు నడిపిస్తే, మీకు లక్ష రూపాయల కెమెరా కొన్నంత లాభం.

అందుకే నా మాట: బాడీ (లెన్సు లేకుండా కెమెరా) మీద తక్కువ పెట్టండి, ఎఫ్ 1.8 లెన్సుకు డబ్బు విడిగా ఉంచుకోండి. కెనాన్ 50 ఎంఎం ఎఫ్ 1.8 ఎస్‌టీఎం అన్నింటికంటే చవక, బరువు సుమారు 160 గ్రాములే. నికాన్‌లో 35 ఎంఎం ఎఫ్ 1.8 ఉంది, చాలా మంచి లెన్సు, కానీ ధర ఎక్కువ. బడ్జెట్ 35 వేలే కాబట్టి నేను 200డీ వైపు మొగ్గుతున్నా. పసుపుపట్టీ అన్న ఏమనుకోవద్దు.

పసుపుపట్టీ
జులై 9, ఉదయం 6:30

ఏమీ అనుకోను తమ్ముడూ. లెక్క సరిగ్గా ఉంది. లెన్సు ధర కలిపి చూస్తే 35 వేలలో కెనానే కుదురుతుంది. నికాన్ కొనేవాళ్లు ఎవరైనా చదువుతుంటే ఒక్క మాట: డీ3500 లాంటి చిన్న బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు. లోపల మోటారు లేని పాత ఏఎఫ్-డీ లెన్సులు చవగ్గా దొరుకుతున్నాయని కొంటే చేత్తో ఫోకస్ చేసుకోవాల్సిందే. ఏఎఫ్-ఎస్ లేదా ఏఎఫ్-పీ అని ఉన్నవే తీసుకోండి.

దుర్భిణి
జులై 9, ఉదయం 9:00

ఇంతమంది మాట్లాడారు కానీ ఆటపాక గూడబాతుల్ని అందరూ మర్చిపోయారు. 50 ఎంఎంతో గట్టు మీద నుంచి తీస్తే పక్షి చుక్కలా కూడా రాదు.

నా దగ్గర నికాన్ పీ900 ఉంది. 83 రెట్ల జూమ్, పాత ఫిల్మ్ కెమెరాల లెక్కలో 24 నుంచి 2,000 ఎంఎం దాకా. ఉప్పలపాడు, నేలపట్టు పక్షుల కేంద్రాల్లో గూళ్లలోని పక్షి పిల్లల్ని కూడా దగ్గరగా తీశాను. ఎండ బాగా ఉన్న ఉదయం పూట దీన్ని మించిన ఆనందం లేదు. లెన్సులు మార్చే పని లేదు, దుమ్ము భయం లేదు.

కానీ నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నా. దాని సెన్సర్ సుమారు 6.2 × 4.6 మిల్లీమీటర్లే. 200డీ లాంటివాటిది 22.3 × 14.9. వైశాల్యంలో పది రెట్లకు పైగా తేడా. సాయంత్రం అయిదున్నర దాటితే నేను కెమెరా బ్యాగులో పెట్టేస్తాను. మీ వెనక వరుస వెలుతురులో అది పనిచేయదు. టీచర్ గారు పక్షులా పిల్లలా అనేది తేల్చుకోవాలి. రెండూ 35 వేలలో కుదరవు.

కొల్లేటిగట్టు
జులై 9, రాత్రి 8:15

పిల్లలే. దీనికి ఆలోచించాల్సిన పని కూడా లేదు. మీరు అడిగాక అంత తేలిగ్గా జవాబు వచ్చిందంటే, ఇన్నాళ్లూ అనవసరంగా రెండూ కలిపి తికమకపడ్డానన్నమాట. గూడబాతుల్ని కళ్లతో చూస్తాం.

దుర్భిణి
జులై 9, రాత్రి 8:40

మంచి నిర్ణయం. కెనాన్ తీసుకుంటే ఎప్పుడో ఒకనాడు 55-250 ఎస్‌టీఎం లెన్సు వాడినది దొరికితే చూడండి. 375 గ్రాములే, చిన్న బ్యాగులో పడుతుంది. 250తో గూడబాతు లాంటి పెద్ద పక్షి ఎగురుతుంటే బాగానే వస్తుంది. ఈ ఏడాదికి నా బైనాక్యులర్స్ ఇస్తాను, పిల్లలకు చూపించండి. నేనుండేది గుడివాడలోనే.

టెక్సాస్ గోదావరి
జులై 10, ఉదయం 5:20

నేను దసరాకి ఇండియా వస్తున్నాను, కావాలంటే ఇక్కడ అమెరికాలో కొని తెస్తాను. ఒకటి గుర్తుంచుకోండి, కెనాన్ వాళ్ల చిన్న మోడళ్లకు ఒక్కో దేశంలో ఒక్కో పేరు. అక్కడి 200డీని ఇక్కడ ఎస్ఎల్2 అంటారు, 1500డీని టీ7 అంటారు. కెమెరా ఒకటే. వారంటీ మాత్రం ఇక్కడిది అక్కడ చెల్లుతుందని అనుకోవద్దు.

కొల్లేటిగట్టు
జులై 10, సాయంత్రం 6:00

చాలా థాంక్స్ అండీ. దసరా దాకా ఆగలేను. ఆగస్టు 15కి చేతిలో ఉండాలని ఉంది.

పాత స్టూడియో
జులై 11, ఉదయం 10:30

అమ్మా, తెనాలిలో 38 ఏళ్లు స్టూడియో నడిపాను. ఇప్పుడు షట్టర్ దించేశాను, పిల్లలు వేరే ఉద్యోగాల్లో ఉన్నారు. కెమెరా గురించి కుర్రవాళ్లు బాగా చెప్పారు. నేను ముఖం గురించి చెబుతాను, మీరు అడిగింది నిజానికి దాని గురించే.

మా రోజుల్లో 120 అనే ఫిల్మ్ రోలుకి 12 ఫొటోలు. పెళ్లిచూపులకు ఫొటో తీయించుకోవడానికి ఆడపిల్లలు వచ్చేవారు. "కొంచెం తెల్లగా వచ్చేలా చూడండి" అని వెంట వచ్చినవాళ్లు అడగని రోజు లేదు. నెగటివ్ మీద పెన్సిల్‌తో టచప్ చేసేవాళ్లం. నేనూ చేశాను, వందల ముఖాలు. ఆ పిల్లల్లో ఎంతమంది ఆ ఫొటో చూసుకుని ఇది నేను కాదనుకున్నారో అని ఇప్పుడు అనిపిస్తుంది. మీ ఫోన్ చేసిన పని కూడా అదే. మీకు బాధేసిందని రాశారు చూడండి, అది చదివే ఇవన్నీ రాస్తున్నాను.

చామనఛాయ ముఖం, నల్లని ముఖం అందంగా రావడానికి మొదట కావాల్సింది పక్కనుంచి వచ్చే మెత్తని వెలుతురు. మీ బడికి వరండా ఉందన్నారు. పిల్లను వరండా అంచుకు రెండడుగులు లోపల, నీడలో నిలబెట్టండి. ముఖం బయటి ఆకాశం వైపు కొద్దిగా తిప్పించండి. ఎండ నేరుగా పడకూడదు. అప్పుడు రెండు కళ్లలో ఆకాశం చిన్న చుక్కలా మెరుస్తుంది. ఆ చుక్క ఉంటే ముఖానికి ప్రాణం వస్తుంది, లేకపోతే కళ్లు మూసుకుపోయినట్టు ఉంటాయి. చదువుకునే పిల్లలు ఎండలో వరుసగా నిలబడితే కళ్ల కింద నల్లటి గుంటలు పడతాయి. పదింటి నుంచి మూడింటి దాకా గ్రౌండులో ముఖాలు తీయవద్దు.

రెండోది గోడ. కెమెరాకు పిల్ల ఎవరో గోడ ఏదో తెలియదమ్మా. ఎదురుగా ఏమున్నా అది నడిమి బూడిద రంగులో ఉండాలని లెక్క వేస్తుంది. సున్నం వేసిన తెల్ల గోడ ముందు, తెల్ల చొక్కా వేసిన నల్లని పిల్లను నిలబెడితే, "అబ్బో వెలుతురు ఎక్కువైంది" అని మొత్తం తగ్గించేస్తుంది. గోడ బూడిదగా, ముఖం బొగ్గులా వస్తుంది. అది చూసి జనం పిల్ల నల్లగా ఉంది కాబట్టి ఫొటో బాగా రాలేదంటారు. తప్పు పిల్లది కాదు, లెక్కది. కెమెరాలో ప్లస్, మైనస్ గుర్తున్న బటన్ ఉంటుంది. తెల్ల గోడ ముందు దాన్ని ప్లస్ 1 దగ్గర పెట్టండి. అదే నల్లబోర్డు ముందు నిలబెడితే ఉల్టా జరుగుతుంది, ముఖం వెలిసిపోతుంది. అప్పుడు మైనస్ వైపు ఒక రెండు గీతలు తగ్గించండి. పిల్ల ఒంటి రంగు పిల్ల ఒంటి రంగులాగే రావాలి. దానికి పౌడరూ వద్దు, టచపూ వద్దు, ఈ ఒక్క బటన్ చాలు.

ఇక కనకాంబరాలు తెగిపోవడం. ఫోన్ ఫొటో కొలత 4:3. ప్రింటు కాగితం 4×6 అంటే 3:2. పొడవు వెడల్పులు కలవవు కాబట్టి ల్యాబులో కొంత కోసేస్తారు, ఫోన్ అడ్డంగా పట్టి తీస్తే తలపైనా కిందా, నిలువుగా తీస్తే రెండు పక్కలా. డీఎస్ఎల్ఆర్ (ఇక్కడ చెప్పిన 200డీ, డీ3500 లాంటి లెన్సు మార్చే కెమెరా) ఫొటో 3:2లోనే వస్తుంది, 4×6 కాగితం మీద అచ్చంగా సరిపోతుంది. పూలు తెగవు.

మెగాపిక్సెల్స్ గురించి షాపువాడు చెప్పింది మర్చిపొండి. 4×6 ప్రింటు నాణ్యంగా రావడానికి 1,800 × 1,200 చుక్కలు చాలు, అంటే రెండు మెగాపిక్సెల్స్ పైచిలుకు. 24 ఉన్న కెమెరాతో 12×18 కాగితం కూడా నిశ్చింతగా వేయించవచ్చు.

రోజుకో ఫొటో
జులై 11, మధ్యాహ్నం 12:10

పెద్దాయన చెప్పింది రెండుసార్లు చదివాను. ఫోన్ చాలన్న నా మాట ఈ విషయంలో వెనక్కి తీసుకుంటున్నాను. ఫోన్‌లో కూడా ముఖం మీద నొక్కి, సూర్యుడి గుర్తును పైకి జరిపితే ఆ ప్లస్ వస్తుంది కదా అని మా పాప మీద చేసి చూశాను. నిజంగానే తేడా ఉంది.

సాగరగాలి
జులై 12, ఉదయం 7:40

సెకండ్‌హ్యాండ్ కొనేముందు నా అనుభవం చదవండి. విశాఖలో ఉంటాను. మూడేళ్ల కిందట ఒక షాపులో వాడిన లెన్సు తీసుకున్నాను. పైకి కొత్తదానిలా మెరుస్తోంది. ఇంటికి తెచ్చాక టార్చి వేసి చూస్తే లోపలి అద్దం మీద సాలెగూడులా తెల్లని పోగులు. ఫంగస్. వెనక్కి తీసుకోనన్నారు. శుభ్రం చేయించడానికి లెన్సు ధరలో సగం అడిగారు. ఆరు వేలు పోయాయి.

కాబట్టి టీచర్ గారూ, ఫోన్ టార్చి వెలిగించి లెన్సుకు ఒకవైపు పెట్టి రెండోవైపు నుంచి ఏటవాలుగా చూడండి. ఒకటి రెండు దుమ్ము కణాలు ఉంటే ఫరవాలేదు. పోగులు, మసక ఉంటే ఎంత చవకైనా వద్దు. తర్వాత కెమెరాను ఎఫ్ 16లో పెట్టి తెల్ల కాగితాన్నో ఆకాశాన్నో తీసి, స్క్రీన్ మీద పెద్దది చేసి మూలలన్నీ చూడండి. నల్ల చుక్కలుంటే సెన్సర్ మీద దుమ్ము. గాలి కొడితే పోయేది కొంత, పోనిది కొంత. షట్టర్ ఎన్నిసార్లు కొట్టుకుందో, అంటే ఎన్ని ఫొటోలు తీశారో అడగండి. ఈ చిన్న బాడీలు లక్ష ఫొటోల దాకా వస్తాయని వాడుకలో లెక్క. 20 వేల లోపు ఉంటే ధైర్యంగా తీసుకోవచ్చు. నికాన్ అయితే తీసిన ఫొటో ఫైల్లోనే ఆ అంకె దొరుకుతుంది, కెనాన్‌కి కంప్యూటర్‌కు తగిలించి సాఫ్ట్‌వేర్‌తో చూడాలి. ఒరిజినల్ బిల్లు మీది సీరియల్ నంబరు, కెమెరా అడుగున ఉన్న నంబరు ఒకటేనా చూడండి. వేరైతే లేచి వచ్చేయండి, అది ఎవరి ఇంట్లోంచి వచ్చిందో మనకు తెలియదు.

మీ కార్డు మీరే తీసుకెళ్లి, అక్కడ ఓ యాభై ఫొటోలు తీసి ఇంటికి తెచ్చుకుని చూశాకే డబ్బివ్వగలిగితే ఇంకా మంచిది.

ఎర్రచుక్క
జులై 12, ఉదయం 8:05

కార్డు మాట వచ్చింది కాబట్టి: 128 జీబీ చవగ్గా ఇస్తామంటే వద్దు, నకిలీవి చాలా తిరుగుతున్నాయి. నమ్మకమైన చోట 32 జీబీ ఒకటి కొనండి. మూడు వేలకు పైగా ఫొటోలు పడతాయి, ఏడాదంతా తీసినా నిండదు.

కొల్లేటిగట్టు
జులై 27, రాత్రి 9:50

కొన్నాను!

మా తమ్ముడిని తోడు తీసుకుని ఆదివారం ఉదయం రైల్లో విజయవాడ వెళ్లాను. రెండు చోట్ల చూశాం. మొదటి చోట కెమెరా బాగుంది కానీ బిల్లు లేదు, నంబరు గురించి అడిగితే మాట దాటేశారు. సాగరగాలి గారు చెప్పినట్టే లేచి వచ్చేశాం. రెండోది ఒక ఇంట్లో. వాళ్లబ్బాయి పై చదువులకు విదేశం వెళ్లాడట, తండ్రిగారు అమ్ముతున్నారు. కెనాన్ 200డీ, 18-55 లెన్సు, రెండు బ్యాటరీలు, బిల్లు, డబ్బా అన్నీ ఉన్నాయి. ల్యాప్‌టాప్‌కి తగిలించి చూస్తే షట్టర్ 11,400. టార్చి వేసి చూశాను, తెల్ల కాగితం ఫొటో తీశాను, ఒక మూల ఒకే ఒక చుక్క ఉంది. ఆయన నన్ను చూసి మీరు ఫొటోగ్రాఫరా అండీ అని అడిగారు. కాదండీ, టీచర్‌ని అన్నాను. పిల్లల కోసమని చెబితే 26 వేలు చెప్పినది 25కి ఇచ్చి, బ్యాగు కూడా ఇచ్చేశారు.

50 ఎంఎం ఎఫ్ 1.8 వాడినది ఇంకో షాపులో 6,500కి దొరికింది. కార్డు, గాలి కొట్టే బ్లోయరు కలిపి 1,100. మొత్తం 32,600. మిగిలిన 2,400 ప్రింట్లకు. మా దగ్గర ల్యాబులో 4×6కి 15 రూపాయలు. 41 మందికి 615.

ఒక్క చిక్కు. 50తో ఎఫ్ 1.8లో తీస్తే ఒక కన్ను స్పష్టంగా, రెండో కన్ను మసగ్గా వస్తోంది. లెన్సు పాడైందా?

ఓరుగల్లు ఫోకస్
జులై 27, రాత్రి 11:30

మంచిగ కొన్నారు అక్కా! లెన్సు బాగానే ఉంది. అయిదడుగుల దూరంలో ఎఫ్ 1.8 పెడితే ముందూ వెనకా కలిపి ఆరు సెంటీమీటర్ల మందం మాత్రమే స్పష్టంగా వస్తుంది. తల కాస్త పక్కకు తిరిగితే రెండో కన్ను ఆ మందం దాటిపోతుంది. వరండాలో వెలుతురు బాగుంటుంది కాబట్టి ఎఫ్ 2.8కి తెచ్చుకోండి. ఫోకస్ చుక్క ఒక్కటే పెట్టుకుని, మీకు దగ్గరగా ఉన్న కంటి మీద వేయండి. 41 మంది గ్రూపు ఫొటోకి 50 తీసేసి 18-55 పెట్టి, నీడలో ఎఫ్ 8 పెట్టండి. అప్పుడు వెనక వరుస కూడా దక్కుతుంది.

కొల్లేటిగట్టు
ఆగస్టు 15, రాత్రి 8:30

జెండా వందనం అయ్యాక వరండాలో ఒకటో, రెండో తరగతుల పిల్లల్ని తీశాను. స్టూడియో బాబాయ్ గారూ, కళ్లలో ఆ చుక్క వచ్చింది! సున్నం గోడ ముందు ప్లస్ 1 పెట్టాను. రెండో తరగతి పిల్ల ఒకతి స్క్రీన్ మీద తన ఫొటో చూసుకుని, "టీచర్, ఇది నేనే" అంది. అక్కడే ఉన్న వాళ్ల నాయనమ్మకు కూడా చూపించింది. ఆ పిల్ల రంగు ఆ పిల్ల రంగులాగే ఉంది.

గదిలో తీసినవి మాత్రం కొన్ని వింతగా వచ్చాయి. వరుసగా తీసిన మూడు ఫొటోల్లో ఒకటి పసుపుగా, ఒకటి నల్లగా, ఒకదాంట్లో అడ్డంగా గీతలు. షట్టర్ 1/250 పెట్టాను. మబ్బుగా ఉందని లైట్లు వేసి ఉన్నాయి.

పాత స్టూడియో
ఆగస్టు 15, రాత్రి 9:10

నా కళ్లు చెమర్చాయమ్మా. ఆ నాయనమ్మకు కూడా ఒక ప్రింటు ఇవ్వండి, డబ్బు నేను పంపుతాను.

ఓరుగల్లు ఫోకస్
ఆగస్టు 15, రాత్రి 10:45

అది కెమెరా తప్పు కాదక్కా, లైట్లది. మన కరెంటు 50 హెర్ట్జ్. దానివల్ల చాలా లైట్లు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి, మన కంటికి తెలియదు. 1/250 అంటే ఆ మిణుకులో ఒక ముక్క మాత్రమే దొరుకుతుంది, ఒకసారి వెలిగినప్పుడు, ఒకసారి తగ్గినప్పుడు. 1/100 పెడితే ఒక మిణుకు పూర్తిగా పడుతుంది, తేడా రాదు. కానీ 1/100కి పిల్లలు కదిలితే అలుకుతుంది. కిటికీ దగ్గర తీసేటప్పుడు ఆ లైట్లే ఆర్పేయండి. రంగులు కూడా కలగాపులగం కావు.

కొల్లేటిగట్టు
ఆగస్టు 18, సాయంత్రం 5:20

లైట్లు ఆర్పేసి, కిటికీ తలుపులు రెండూ బార్లా తెరిచి తీశాను. గీతలు పోయాయి, పసుపు రంగు పోయింది. ఇవాళ మూడో తరగతి అయింది. నాలుగో తరగతిలో ఇద్దరు రాలేదు, జ్వరాలట. వాళ్లొచ్చాక ఆ తరగతి తీస్తాను.